బతికించడమా, బతకనివ్వడమా?

సందేహం: 'ఆక్ట్ అనే ఎంజైము నాడీకణాలను బతికిస్తుంది, కాస్పేజ్ చంపుతుంది' అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. ప్రాణం లేని ఎంజైములకు ఇలాంటి క్రియలు వాడవచ్చా?

సమాధానం: నిస్సందేహంగా వాడవచ్చు. మందు బతికించిందంటాం, విషం చంపిందంటాం. ప్రాణం లేని కర్తలు తెలుగుకు కొత్త కాదు. అయితే జరిగే పనికి ఆ క్రియ అతుకుతుందా అన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో 'చంపుతుంది' కన్నా 'బతికిస్తుంది' దగ్గరే చిక్కు ఎక్కువ.

ఎదిగే దశలో చాలా నాడీకణాలకు బతుకు సంకేతం బయటినుంచి అందుతూ ఉండాలి. రీటా లెవీ-మోంటాల్చీని అనే శాస్త్రవేత్త కనిపెట్టిన నాడీ వృద్ధి కారకం అలాంటిదే. ఆ పరిశోధనకు ఆమె 1986లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ కారకం కణంపొర మీది గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే ప్రోటీనును) తాకితే లోపల ఆక్ట్ క్రియాశీలమవుతుంది. ఆక్ట్ ఒక కైనేజ్, అంటే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైము. చావుకు దారితీసే 'బ్యాడ్' అనే ప్రోటీనుకు అది ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు మరో ప్రోటీను బ్యాడ్‌ను పట్టి ఉంచి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దాకా పోనివ్వదు. ఇక్కడ ఎవరూ కణానికి ప్రాణం పోయలేదు, చావును ఆపారు. పోయే ప్రాణాన్ని నిలబెడితే 'బతికించు'. అడ్డు లేకుండా చేస్తే 'బతకనిచ్చు'. కాబట్టి 'ఆక్ట్ నాడీకణాన్ని బతకనిస్తుంది' అన్నదే సరిగ్గా అమరుతుంది. రానిచ్చు, పోనిచ్చు, తిననిచ్చు అంటూ రోజూ వాడే ఈ రూపాన్ని విజ్ఞాన రచనలో వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక 'చంపు'. కాస్పేజ్ బయటినుంచి వచ్చేది కాదు, కణంలోనే నిద్రాణంగా ఉంటుంది. మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీను బయటపడ్డాక మేల్కొని, ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉన్న చోట ప్రోటీన్లను తెంచుతుంది. అందువల్ల 'కణం కాస్పేజ్‌లతో తనను తాను చంపుకుంటుంది' అనడం మేలు. 'కొను' చేరగానే పని చేసేదీ, ఆ పని తగిలేదీ ఒకటేనని తేలిపోతుంది. 'ఆత్మహత్య' మాత్రం వద్దు. ఆ మాటలో మనిషి వేదన ఉంది.

సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ఎదుగుదలలో 1090 దేహకణాలు పుట్టి, వాటిలో 131 చనిపోతాయి. ఎక్కువ నాడీకణాల కోవకు చెందినవే. ఈ చావుకు కావలసిన సెడ్-3 అనే జన్యువు తయారుచేసేది కాస్పేజ్‌నే. ఆ జన్యువు చెడితే అవి దాదాపు అన్నీ బతికిపోతాయి. 'బతుకుతాయి' అన్నా తప్పు లేదు గానీ, చావు తప్పించుకున్నాయన్న భావం 'పోవు' చేరితేనే వస్తుంది. 'బతికించబడతాయి' అని మాత్రం రాయకండి.