ల్యాబ్ కంప్యూటర్లలో యూజర్ పాలసీ పడకపోతే

విండోస్ డొమైన్‌లో కంట్రోల్ ప్యానెల్ మూసే గ్రూప్ పాలసీని ల్యాబ్ కంప్యూటర్లున్న ఓయూకి (ఆర్గనైజేషనల్ యూనిట్, ఖాతాలను పెట్టే ఫోల్డర్ లాంటిది) లింక్ చేశాను, విద్యార్థులకు పడట్లేదు అని మీరు అన్నారు. పడదండి. అది యూజర్ కాన్ఫిగరేషన్‌ సెట్టింగ్. మామూలుగా విండోస్ దాన్ని యూజర్ ఖాతా ఉన్న ఓయూ వైపు నుంచే తీసుకుంటుంది. మీ ఓయూలో ఉన్నవి కంప్యూటర్ ఖాతాలే కదా.

దీనికి లూప్‌బ్యాక్ (కంప్యూటర్ ఉన్న ఓయూకి లింక్ చేసిన యూజర్ సెట్టింగులను అందులో లాగిన్ అయినవారికి వర్తింపజేసే పద్ధతి) పెట్టాలి. అదే ఓయూకి ఇంకో జీపీఓ (గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్) లింక్ చేసి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, పాలసీస్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, గ్రూప్ పాలసీ వరుసలో వెళ్లి లూప్‌బ్యాక్ ప్రాసెసింగ్ మోడ్ ఎనేబుల్ చేయండి. రీప్లేస్ పెడితే విద్యార్థి సొంత యూజర్ పాలసీలు (డ్రైవ్ మ్యాపింగ్‌తో సహా) ఎగిరిపోతాయి. కాబట్టి రెండింటినీ కలిపే మెర్జ్ చాలు.

అసలు చిక్కు సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో (పాలసీ ఎవరికి పడాలో చెప్పే జాబితా). కంట్రోల్ ప్యానెల్ జీపీఓలో అథెంటికేటెడ్ యూజర్స్‌ని (డొమైన్‌లోని యూజర్, కంప్యూటర్ ఖాతాలన్నీ వచ్చే గ్రూపు) తీసేసి విద్యార్థుల గ్రూపు ఒక్కటే ఉంచారా? 2016 జూన్ అప్‌డేట్ తర్వాత యూజర్ పాలసీని కూడా కంప్యూటర్ ఖాతాయే చదువుతుంది. అదే జీపీఓ డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్ గ్రూపుకి రీడ్ (చదివే అనుమతి) మాత్రం ఇవ్వండి. లూప్‌బ్యాక్ జీపీఓ ఫిల్టరింగ్‌ని మాత్రం కదపొద్దు.

తర్వాత ఒక మెషీన్‌ని రీస్టార్ట్ చేసి, విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి జీపీరిజల్ట్ (ఏ పాలసీలు పడ్డాయో చూపే gpresult /r కమాండ్) నడపండి. పాలసీ డినైడ్ జాబితాలో కనిపిస్తే కారణం పక్కనే ఉంటుంది.