మెడలో గడ్డలకు మందు వాడుతుంటే మనిషే మారిపోయింది!

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్లు. రెండు నెలల కిందట జ్వరంతో పాటు మెడ పక్కన గడ్డలొస్తే టీబీ అనుకున్నాం. బయాప్సీలో కికుచి వ్యాధి అని తేలింది. మూడు వారాలుగా స్టెరాయిడ్ వాడుతోంది. పది రోజులుగా నిద్రలేదు, అన్నంలో ఏదో కలిపారంటోంది, తనలో తనే మాట్లాడుకుంటోంది. బంధువులు గాలి సోకిందంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: గాలీ ధూళీ ఏం కాదమ్మా, ముందు ఆ మాటలు చెల్లి చెవిన పడనివ్వకండి. కికుచి అంటే లింఫు గ్రంథులు వాచి గడ్డలు కట్టే జబ్బు. దీన్ని 1972లో జపాన్‌లో ఇద్దరు డాక్టర్లు విడివిడిగా గుర్తించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లల్లో, మన ఆసియా వాళ్లలో కనిపిస్తుంది, టీబీ అనో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అనో పొరబడటం మామూలే, చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది.

మీరు చెప్పిన తేదీలు చూస్తే నాకు మొదట స్టెరాయిడ్ మీదే అనుమానం. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటితే నిద్ర పట్టకపోవడం, చిరాకు, లేనిపోని అనుమానాలు వచ్చే అవకాశం పెరుగుతుంది, అవి చాలావరకు మొదటి ఒకటి రెండు వారాల్లోనే మొదలవుతాయి. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపేయొద్దు! మూడు వారాలు వాడాక ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డోసు డాక్టరే మెల్లగా తగ్గించాలి.

కానీ స్టెరాయిడ్ అనుకుని అక్కడితో ఆగిపోకూడదు. కికుచి ఉన్నవాళ్లలో కొందరికి లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు) కూడా ఉంటుంది, లేదా తర్వాత బయటపడుతుంది, అది మెదడు మీద పడితే అచ్చం ఇలాగే ఉంటుంది. అరుదుగా మెదడు పొరలకు, మెదడుకే వాపు రావచ్చు. అందుకే లూపస్ కోసం చేసే ఏఎన్ఏ, డీఎస్‌డీఎన్ఏ రక్తపరీక్షలు, మూత్ర పరీక్ష, ఎమ్మారై, అవసరమైతే మెదడు తరంగాలు చూసే ఈఈజీ, వెన్ను నీటి పరీక్ష చేయించాలి. ఈలోగా సైకియాట్రిస్టు రాసే మందులు వాడొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు, కాకపోతే పిచ్చి అని ముద్ర వేసి మిగతా పరీక్షలు వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను.

రేపే స్టెరాయిడ్ రాసిన డాక్టర్‌ను కలిసి, లూపస్, కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టుకు, న్యూరాలజిస్టుకు కూడా చూపించండి. స్టెరాయిడ్ ఏ రోజు మొదలైంది, ఎన్ని మిల్లీగ్రాములు, నిద్ర ఏ రాత్రి నుంచి పోయింది – కాగితం మీద రాసి తీసుకెళ్లండి, మాకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. ఫిట్స్, మెడ బిగుసుకోవడం, మగతగా పడి ఉండటం, చనిపోతాననడం – ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.