నవంబరులో వేసిన ఓటు ఎవరికి పడినట్టు?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో స్థిరపడ్డారు. అమెరికా పౌరసత్వం వచ్చాక 2024 నవంబరులో అధ్యక్ష ఎన్నికలో తొలిసారి ఓటు వేశారు. తీరా డిసెంబరులో ఎవరో ఎలక్టర్లు మళ్లీ ఓటు వేశారని టీవీలో చెప్పారు. అలాంటప్పుడు మావాళ్ల ఓటు ఎవరికి పడినట్టు? పాతకాలంలో ఈ ఎలక్టర్లు ఎక్కడ, ఎలా ఓటు వేసేవారు? తమకు నచ్చినవాళ్లకు వేసుకోవచ్చా? మా అల్లుడు ఎప్పటికైనా ఎలక్టర్ కాగలడా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, చట్టం లెక్కలో మీ అమ్మాయి ఓటు నేరుగా అధ్యక్ష అభ్యర్థికి పడలేదు. ఆ అభ్యర్థి తరఫున న్యూజెర్సీలో నిలబడ్డ 14 మంది ఎలక్టర్లకు, అంటే అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులకు పడింది. ఒక రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎంతమంది ఉంటే అంతమంది, పైన ఎగువ సభ సెనేటర్ల తరఫున ఇద్దరు: ఎలక్టర్ల లెక్క అదే. వాళ్లను ఎలా నియమించాలో ఆ రాష్ట్ర శాసనసభ ఇష్టమని రాజ్యాంగం రెండో అధికరణ చెబుతుంది. తొలినాళ్లలో చాలాచోట్ల శాసనసభలే వాళ్లను ఎంపిక చేసేవి. సౌత్ కరోలినాలో 1860 దాకా జనానికి ఆ ఓటే లేదు.

ఎలక్టర్లంతా ఒకచోట చేరడం ఏనాడూ లేదు. ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై, దేశమంతటా ఒకే రోజున చీటీల మీద ఓటు వేయాలి. ఇలా విడివిడిగా కూర్చోబెడితే కుట్రలకు, బేరాలకు తావుండదని రాజ్యాంగం రాసినవాళ్ల ఆలోచన. మొదటిసారి 1789 ఫిబ్రవరి 4న వేశారు. 69 మంది ఎలక్టర్లూ జార్జ్ వాషింగ్టన్‌కు ఒక్కో ఓటు వేశారు. న్యూయార్క్‌లో శాసనసభ రెండు సభలకూ పొత్తు కుదరక, అసలు ఎలక్టర్లనే పంపలేదు!

'ఒక్కో ఓటు' అన్నానంటే, అప్పట్లో ఒక్కొక్కరికి రెండు ఓట్లుండేవి. ఇది అధ్యక్షుడికి, ఇది ఉపాధ్యక్షుడికి అని రాసే పద్ధతి లేదు. ఇద్దరి పేర్లు రాయాలి, వాళ్లలో కనీసం ఒకరు వేరే రాష్ట్రం వాడై ఉండాలి. మెజారిటీతో మొదట నిలిచినవాడు అధ్యక్షుడు, తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. 1800 ఎన్నికలో ఈ ఏర్పాటు బెడిసికొట్టింది. ఒకే పార్టీకి చెందిన జెఫర్సన్‌కూ ఆరన్ బర్‌కూ సరిగ్గా 73 చొప్పున వచ్చాయి. తేల్చే పని ప్రతినిధుల సభ మీద పడింది; 36 సార్లు ఓటింగ్ పెట్టాక, 1801 ఫిబ్రవరి 17న జెఫర్సన్ గెలిచాడు. దాంతో 1804లో 12వ సవరణ వచ్చి, రెండు పదవులకూ చీటీలు వేరయ్యాయి.

నాకు వకీలుగా ఆసక్తి కలిగించేది మాత్రం 1792 నాటి చట్టం. ఓటు ఎవరికి వేయాలన్న ఊసే అందులో లేదు, కాగితం ఎలా చేరాలన్న బెంగ మాత్రం బోలెడు. డిసెంబరు మొదటి బుధవారం ఓటు వేసి, ఎవరికెన్ని వచ్చాయో జాబితా రాసి, సంతకాలు పెట్టి, మూడు ప్రతులకు సీలు వేయాలి. ఒకటి మనిషి చేత రాజధానికి, సెనేట్ అధ్యక్షుడికి. రెండోది ఆయనకే పోస్టులో. మూడోది స్థానిక ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జిల్లా జడ్జి దగ్గర భద్రంగా ఉండాలి. జనవరి మొదటి బుధవారానికి మొదటి రెండూ చేరకపోతే, జడ్జి దగ్గరి ప్రతి కోసం ప్రత్యేకంగా మనిషిని పంపాలి. మోసుకెళ్లేవాడికి మైలుకు 25 సెంట్ల బత్తెం, ఒప్పుకున్నాక పని ఎగ్గొడితే 1,000 డాలర్ల జరిమానా. ఆ రోజుల రోడ్లు తలుచుకుంటే ఇది అతి జాగ్రత్త అనిపించదు. మన రాష్ట్రపతి ఎన్నికలో అసెంబ్లీ నుంచి బ్యాలెట్ పెట్టే ఢిల్లీ వెళ్తుంది, లెక్కింపు అక్కడే. అమెరికాలో చీటీల లెక్క రాష్ట్రంలోనే తేలిపోతుంది, రాజధానికి వెళ్లేది సీలు వేసిన జాబితా.

తేదీ తప్పితే ఏమవుతుందో 1856లో తెలిసొచ్చింది. మంచు తుఫాను వల్ల విస్కాన్సిన్ ఎలక్టర్లు ఒక రోజు ఆలస్యంగా ఓటు వేశారు. ఆ 5 ఓట్లు చెల్లుతాయా అని కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, రభస జరిగింది. అధ్యక్ష అభ్యర్థి బుకానన్ 174–114తో ముందుండటంతో ఫలితం మారలేదు కానీ, అసలు ప్రశ్నకు జవాబు తేలకుండానే ముగించారు. ఆ తర్వాత ఓటు వేసే తేదీ కూడా మారుతూ వచ్చింది. 2022 చట్టం ప్రకారం ఇప్పుడది డిసెంబరు రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం. మీరు టీవీలో చూసింది 2024 డిసెంబరు 17 నాటి ముచ్చట.

ఇక ఇష్టం వచ్చినవాళ్లకు వేయడం. వేసినవాళ్లున్నారు. 1836లో వర్జీనియా ఎలక్టర్లు 23 మందీ తమ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థికి ఓటు నిరాకరిస్తే, చివరికి సెనేట్ ఆయన్ను ఎన్నుకోవలసి వచ్చింది. అయితే తమ పార్టీ అభ్యర్థికే వేస్తామన్న మాట తప్పిన ఎలక్టర్‌ను రాష్ట్రం శిక్షించవచ్చని 2020లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్రం తలా 1,000 డాలర్లు జరిమానా వేసిన కేసది. కాబట్టి ఎవరికి స్వేచ్ఛ ఉందో, ఎవరికి లేదో ఆయా రాష్ట్రాల చట్టం చూసి చెప్పాలి.

మీ అల్లుడి సంగతి. పుట్టుకతో అమెరికా పౌరులు కానివాళ్లు అధ్యక్షులు కాలేరు గానీ, ఎలక్టర్ కావడానికి రాజ్యాంగంలో ఆ అడ్డు లేదు. పార్టీ ఆయన పేరు పెట్టాలి. సెనేటర్లు, ప్రతినిధులు, ఫెడరల్ పదవిలో ఉన్నవాళ్లు పనికిరారు. ఈ చివరి షరతు 1876లో దేశాన్నే ఊపేసింది. ఓరెగాన్ ఎలక్టర్ వాట్స్ ఒక చిన్న ఊరి పోస్ట్‌మాస్టర్. గవర్నరు ఆయన్ను పక్కనపెట్టి అవతలి పార్టీ మనిషికి పత్రం ఇచ్చాడు. వాట్స్ పోస్టాఫీసు కొలువు వదిలి, ఎలక్టర్ పదవికీ రాజీనామా చేస్తే, మిగతా ఇద్దరు ఎలక్టర్లు ఆ ఖాళీలో మళ్లీ ఆయన్నే నియమించారు! ఆ ఎన్నిక తగాదాలు తేల్చడానికి వేసిన 15 మంది సభ్యుల కమిషన్ దాన్ని ఒప్పుకుంది, వాట్స్ పార్టీ అభ్యర్థి హేస్ 185–184తో అధ్యక్షుడయ్యాడు. మీ అల్లుడు ఫెడరల్ ఉద్యోగంలో ఉంటే, పార్టీ ఆయన పేరు అడిగినప్పుడే అక్కడి లాయర్ని కలవమనండి.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ బంధువుల్లో గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లుంటే, డ్రైవింగ్ లైసెన్స్ ఫారాల్లో ఓటరు నమోదు గడి ఉంటుంది, దాని మీద టిక్కు పెట్టొద్దని చెప్పండి. పౌరులు కానివాళ్లు ఫెడరల్ ఎన్నికలో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపేసే ప్రమాదమూ ఉంది.