ఇంట్లోనే చదువుకునే పిల్లలకు హిస్టరీ, యూనిట్ స్టడీస్ ఏడాదికి ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఏడేళ్ళు, పదేళ్ళు ఉన్న ఇద్దరికీ కలిపి చెప్పొచ్చా?

మొదటి ఏడాది నేను వేసిన ప్లాన్ చూసుంటే మీరే నన్ను బడి పెట్టుకోమనేవారు. 36 వారాలు, వారానికో రంగు, గడికో నాగరికత. చాలామంది ప్రపంచ చరిత్రను నాలుగేళ్ళకు నాలుగు ముక్కలు చేసుకుంటారు కదా, ప్రాచీనం, మధ్యయుగం, తొలి ఆధునికం, ఆధునికం అని. నాకంత ఓపిక ఎక్కడిది? సుమేరియా నుంచి చంద్రుడి మీద కాలు పెట్టేదాకా ఒక్క ఏడాదిలో లాగించేద్దామనుకున్నా. 9వ వారంలో రోమ్ పడిపోవాలి. 22వ వారం పారిశ్రామిక విప్లవం. 23వ వారం నెపోలియన్. ఆరంభశూరత్వం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పుస్తకం తెరిస్తే చాలు. అప్పుడు మా పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి ఏడు. అచ్చం మీ పిల్లల వయసులే, అందుకే ఈ ప్రశ్న కనబడగానే చేతులు ఊరుకోలేదు.

నా మాట మొదటే చెప్పేస్తా. యుగాల్ని ప్లాన్ చెయ్యకండి, పత్తి లాంటి ఒక వస్తువును పట్టుకుని దాని కథ వెంట నడవండి. ఇలా కాకుండా యుగాల వారీగా చదివిన పిల్లలకి ఏడాది తిరిగేసరికి ఒక్క ముక్క గుర్తులేకపోవడం నాకు తెలిసిన మూడిళ్ళలో చూశాను, నాకది చాలు.

వస్తువు సంగతికి వచ్చేముందు యూనిట్ స్టడీ (ఒకే అంశం చుట్టూ కొన్ని వారాల చదువంతా అల్లడం) పేరుతో జరిగే ఒక ఘోరం గురించి మొరపెట్టుకోవాలి. ఈజిప్టు యూనిట్ అనగానే చక్కెర బిళ్ళలతో పిరమిడ్ కట్టించడం. మేమూ కట్టాం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. పిల్లలకి తెలిసిందల్లా జిగురు ఎంతసేపటికి ఆరుతుందో, చీమలు ఎంత దూరం నుంచి వస్తాయో. గీజాలోని పెద్ద పిరమిడ్‌కి సుమారు 23 లక్షల రాళ్ళు పట్టాయి కదా, అవి మోసినవాళ్ళకి తిండి ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆ రెండు రోజుల్లో ఎవరూ అడగలేదు, నాతో సహా. పైగా లెక్కలు కూడా ఆ యూనిట్‌లోనే ఇరికించాలట. "12 మమ్మీలకు 4 మమ్మీలు కలిపితే ఎన్ని మమ్మీలు?" ఇది చరిత్రా కాదు, లెక్కా కాదు. లెక్కలు, చదవడం, రాయడం రోజూ విడిగా జరగాల్సినవే. వాటిని మమ్మీల జోలికి పోనివ్వకండి. ఇక లామినేషన్ మెషిన్ల గురించి, నెలకోసారి మింగేసే ప్రింటర్ ఇంకు గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ్టికి తెమలదు.

22వ వారం వచ్చింది. తెలిసినవాళ్ళు గింజ తీయని పత్తి ఒక సంచి ఇచ్చారు. పది నిమిషాలు సరదాగా గింజలు తీయిద్దాం, ఆ తర్వాత హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ, ఆర్క్‌రైట్ నీటి యంత్రం (రెండూ నూలు వడికే యంత్రాలే) బొమ్మలు చూపిద్దాం అన్నది నా ప్లాన్.

గింజ అంత తేలిగ్గా రాదండీ. దూదిని లాగితే సగం చేతికొస్తుంది, సగం గింజనే కరుచుకుని ఉంటుంది. పది నిమిషాలు కాస్తా గంటయింది. చిన్నోడి ముక్కు మీద, కనుబొమల మీద అంతా దూదే. పెద్దది పట్టుదల మనిషి, గోళ్ళతో గీకి గీకి తీస్తోంది. గంటకి ఇద్దరి దూదీ కలిపి వంటింట్లోని చిన్న వెయింగ్ మెషిన్ మీద పెడితే 31 గ్రాములు.

"ఒక చొక్కాకి ఎంత కావాలి?" అంది పెద్దది. చిన్నోడి చొక్కా విప్పించి తూచాం. 110 గ్రాములు. వేళ్ళ మీద ఏదో గొణుక్కుని, "మేమిద్దరం మూడున్నర గంటలు కూచోవాలి, గింజలకే" అంది. ఇంకా ఏకడం, వడకడం, నేయడం మొదలే కాలేదు. (లెక్క దానంతటదే వచ్చింది, చూశారా? నేను పిలవలేదు.)

అప్పుడు చెప్పాను. 1793లో ఎలీ విట్నీ అనే అమెరికన్ గింజలు తీసే యంత్రం ఒకటి చేశాడు, 1794లో పేటెంటు వచ్చింది. అక్కడ ఎక్కువగా పండే పొట్టి పింజ పత్తిని చేత్తో వలిస్తే ఒక మనిషికి రోజంతా కలిపి సుమారు ఒక పౌను దూది వచ్చేది, అంటే అరకిలో కన్నా తక్కువ. ఆ యంత్రంతో రోజుకు 50 పౌన్ల దాకా. పిల్లలిద్దరి మొహాలూ విచ్చుకున్నాయి, అప్పటిదాకా గోళ్ళు నొప్పెట్టినవాళ్ళు కదా. "హమ్మయ్య, ఆ పొలాల్లో బానిసలకి ఇక కాస్త రెస్ట్ దొరికుంటుంది" అంది పెద్దది.

నా చేతిలో కాగితం మీద రెండు అంకెలున్నాయి. 1790 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు దాదాపు 7 లక్షల మంది. 1860లో దాదాపు 40 లక్షలు.

అది ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. "తప్పు రాశావేమో అమ్మా" అంది. లేదన్నాను. గింజ తీయడమే తేలికైంది. విత్తడం, కలుపు తీయడం, ఏరడం అప్పటికీ మనిషి చేతులతోనే. ఇంగ్లండ్ మిల్లులు ఎంత పంపినా మింగేస్తున్నాయి, కాబట్టి ఎంత పండిస్తే అంత డబ్బు, ఇంకా పొలాలు, ఆ పొలాలకి ఇంకా మనుషులు. ఇంతటితో ఊరుకుంటే అది మా పెద్దదెందుకవుతుంది? అంతకు ముందే ఎక్కడో చదువుకున్నాం, 1808 నుంచి బయటి దేశాల బానిసల్ని తేవడాన్ని అమెరికా చట్టం నిషేధించిందని. "తేవడం ఆపేశాక మరి ఎలా పెరిగారు?"

ఈ ప్రశ్న నా రంగుల గడుల్లో లేదు. "వాళ్ళకి పుట్టిన పిల్లలు కూడా బానిసలే" అన్నాను.

చేతిలో గింజ కింద పెట్టేసింది. "పుట్టిన పాపాయి కూడానా?" అన్నాడు చిన్నోడు. అవునన్నాను. ఆ పూట స్పిన్నింగ్ జెన్నీ బొమ్మ బయటికి తీయలేదు.

తర్వాతి సోమవారం నేను బల్ల మీద నెపోలియన్ పుస్తకాలు పేర్చాను. పెద్దది పత్తి సంచి తెచ్చి వాటి మీద కుదేసింది. ఏకు మేకవడం అంటారు చూడండి, అక్షరాలా అదే. వారం అనుకున్నది తొమ్మిది వారాలు సాగింది. ఆ ఏడాది నెపోలియన్ మా ఇంటికి రాలేదు.

మా గోడ మీద ఒక కాలరేఖ ఉంది. సెంటీమీటరుకు పదేళ్ళు, క్రీ.పూ. 3000 నుంచి ఇవాళ్టిదాకా 5 మీటర్ల కాగితం పట్టీ. మెహర్‌గఢ్‌లో (ఇప్పటి పాకిస్తాన్‌లోని ప్రాచీన ఊరు అది) ఒక సమాధిలో దొరికిన రాగి పూసలో పత్తి దారం పోగులు మిగిలాయి. అది క్రీ.పూ. 6వ సహస్రాబ్ది నాటిది. పట్టీ చాల్లేదు. ఇంకో రెండున్నర మీటర్లకు పైగా అతికిస్తే తలుపు దాటి పక్కగదిలోకి పోయింది. ఇప్పటికీ ఆ తలుపు వెయ్యలేం. మొహెంజొదారోలో దొరికిన రంగు అద్దిన నూలు పీలిక దాకా వచ్చేసరికి మళ్ళీ పాత గోడ ఎక్కాం. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, భారతదేశంలో చెట్లకు ఉన్ని కాస్తుందనీ అది గొర్రె ఉన్ని కన్నా మేలైనదనీ రాశాడు. మధ్యయుగపు యూరప్‌లో అయితే ఏకంగా చెట్టుకు గొర్రెపిల్లలే కాస్తాయని చెప్పుకున్నారు. మా చిన్నోడికి ఆ గొర్రెపిల్ల దొరికాక ఇంక చరిత్రతో పనిలేకపోయింది, వారమంతా అదే బొమ్మ.

అక్కణ్ణుంచి భారతదేశపు అద్దకం బట్టలంటే బ్రిటన్ జనం పడిచచ్చిన రోజులు. 1700లో దిగుమతికి అడ్డుకట్ట వేశారు, 1721లో కట్టుకోవడమే కూడదన్నారు. తర్వాత 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి రాక ఆగిపోతే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మూతపడి కూలీలు పస్తులున్నారు. చివరికి 1931లో గాంధీ అదే లాంకషైర్‌కి వెళ్ళాడు. విదేశీ బట్టల బహిష్కరణతో పని పోయినవాళ్ళ మధ్యకి. అప్పటి ఒక ఫొటోలో మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు. "ఈయన వల్లే పని పోయింది కదా, ఎందుకు నవ్వుతున్నారు?" అని పెద్దది అడిగింది. నేనేదో చెప్పాను గానీ, దానికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

ఈ పత్తి వలిచే ఐడియా నా సొంతమని చాన్నాళ్ళు మురిసిపోయాను. తర్వాత తెలిసింది, చికాగో విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ అనే అమెరికన్ విద్యావేత్త 1896లో మొదలుపెట్టిన బడిలో పిల్లల చేత ఇదే చేయించారని. అరగంట వలిస్తే ఒక ఔన్సు (సుమారు 28 గ్రాములు) కూడా రాలేదని ఆయన 1899 ఉపన్యాసాల్లో చెప్పాడు. మా వాళ్ళ లెక్కకీ దానికీ పెద్ద తేడా లేదు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. "విట్నీకి ముందు గింజ తీసే యంత్రమే లేదు" అని కూడా ఆ రోజు పిల్లలకి ధీమాగా చెప్పేశాను, మూడో వారంలో పెద్దది ఒక బొమ్మ పట్టుకొచ్చింది. రెండు కట్టె రూళ్ళు, వాటి మధ్య నుంచి దూది పోతుంది, గింజ ఇవతలే రాలిపోతుంది. భారతదేశంలో కొన్ని శతాబ్దాలుగా వాడుకలో ఉన్న చర్ఖీ అది (నూలు వడికే చర్ఖా కాదు). నున్నటి గింజ ఉన్న పత్తికి ఆ రూళ్ళు పనికొచ్చాయి, అమెరికా పొట్టి పింజకి పనికిరాలేదు, విట్నీ చేసిన కొత్త సంగతి అదీ. "అమ్మ చెప్పింది తప్పు" అని చీటీ రాసి పట్టీ మీద సరైన చోట అంటించింది. వచ్చినవాళ్ళందరూ ముందు ఆ చీటీయే చదువుతారు.

వచ్చినవాళ్ళంటే గుర్తొచ్చింది. "మరి సిలబస్‌లో ఖాళీలు ఉండిపోవా?" అని అడుగుతారు. ఉంటాయి. పదేళ్ళు బడిలో హిస్టరీ చదివిన నాకు లేవా? ఏ యుద్ధం ఏ ఏడాదో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను, పత్తి యంత్రానికీ బానిసల సంఖ్యకీ లింకు ఉందని మాత్రం ముప్పై దాటాక తెలిసింది. ఇదే అడిగే పెద్దమనుషుల్ని పానిపట్టు యుద్ధాలు ఎన్ని జరిగాయో అడిగి చూడండి. టక్కున మూడు అంటారు. ఎందుకు జరిగాయంటే ఫోన్ తీస్తారు.

సరే, ప్లాన్ అడిగారు కాబట్టి ప్లాన్. 36 వారాలుంటే 24 వారాలకే రాసుకోండి. నాలుగేసి వారాల యూనిట్లు ఆరు. మిగతా 12 వారాలు ఖాళీగా వదిలెయ్యండి, పిల్లలే నింపుతారు. ఒక్కో యూనిట్ కింద వస్తువు పేరు, చేత్తో చేసే పని ఒకటి, మ్యాప్ ఒకటి, మీకు కూడా జవాబు తెలియని ప్రశ్న ఒకటి. అంతకు మించి రాస్తే మీకు ఆ కాగితం మీద ప్రేమ పుట్టుకొస్తుంది, పిల్లలు దారి తప్పినప్పుడల్లా వాళ్ళ మీద విసుక్కుంటారు. నేను విసుక్కున్నాను కాబట్టి చెబుతున్నా. వస్తువులకి కొదవ లేదు. ఉప్పు, గాజు, గడియారం, కాగితం. కాగితం చైనాలో పుట్టి యూరప్‌లో తయారవడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది, మా పట్టీ మీద అది మీటరు పొడవు. ఆ మీటరు మీద ఎవరెవరు ఉన్నారో వెతకడానికే నాలుగు వారాలు సరిపోవు. చేతిపని ఎంచుకునేటప్పుడు మాత్రం నాది ఒకటే షరతు: ఆ కాలం మనిషి పడ్డ కష్టంలో పిసరంతైనా అందులో ఉండాలి. చక్కెర బిళ్ళల్లో అది లేదు. కాలరేఖ కూడా రెడీమేడ్‌ది కొనకండి. అచ్చేసిన దాంట్లో అన్నీ సమానమైన దూరంలో ముద్దుగా ఉంటాయి, వెయ్యేళ్ళ ఖాళీ ఎలా ఉంటుందో కళ్ళకి కనబడదు.

మీ రెండో ప్రశ్న మర్చిపోలేదు. ఇద్దరికీ నిక్షేపంగా కలిపి చెప్పొచ్చు. చదివి వినిపించేది ఒకటే, చేతిపని ఒకటే. తిరిగి రాబట్టేది మాత్రం వేరు. ఏడేళ్ళవాడితో రాయించకండి, విన్నది వాడి మాటల్లో చెప్పమనండి. షార్లెట్ మేసన్ అనే బ్రిటిష్ విద్యావేత్త వందేళ్ళకు ముందే గట్టిగా పట్టుకున్న పద్ధతి ఇది, వర్క్‌షీట్లు అమ్ముకునేవాళ్ళకి గిట్టదు. పదేళ్ళపిల్ల ఒక పేజీ రాయాలి, తేదీ చూసి పట్టీ మీద తనే అంటించాలి. భయంకరమైన విషయాలు వచ్చినప్పుడు చిన్నవాడికీ అబద్ధం చెప్పకండి, అడిగినంతకే జవాబిచ్చి ఆగండి. మా వాడు ఆ రోజు పాపాయి గురించి ఒక్కటే అడిగాడు. మిగతావి రెండేళ్ళ తర్వాత, ఏదో పనిలో ఉండగా, ఒక్కొక్కటిగా అడిగాడు.

మీరూ పత్తితోనే మొదలుపెట్టేట్టయితే వెయింగ్ మెషిన్ ముందే పక్కన పెట్టుకోండి. పిల్లలకి నల్లచొక్కాలు వెయ్యకండి, దూది వదలదు. పది నిమిషాల్లో అయిపోతుందని మాత్రం వాళ్ళతో అనకండి.