రాసిన సబ్‌నెట్ బరంపురం ఎందుకు చేరలేదు?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. జీడిపప్పు వ్యాపారం చేసే ఒక సంస్థలో నెట్‌వర్క్ పని చూస్తున్నాను. బరంపురంలోని ముఖ్య కార్యాలయం, రాయగడ శాఖ, మా శాఖ మూడూ ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు తమకు తెలిసిన దారులను పరస్పరం చెప్పుకొనే పద్ధతి) ఏరియా 0లో, అంటే దాని ముఖ్య విభాగంలో ఉన్నాయి. ఈమధ్య గోదాములో వేబ్రిడ్జికీ కెమెరాలకూ ఫైర్‌వాల్ వెనుక 10.40.7.0/24 అనే కొత్త సబ్‌నెట్ (10.40.7తో మొదలయ్యే చిరునామాల గుంపు) పెట్టాము. మా సిస్కో రూటర్‌లో ‘నెట్‌వర్క్ 10.40.7.0 0.0.0.255 ఏరియా 0’ అని రాశాను. అది ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకున్నది. అయినా బరంపురంలో ఆ రూటు కనబడడం లేదు. అక్కడొక స్టాటిక్ రూటు (చేత్తో రాసిపెట్టే దారి) వేస్తే సరిపోతుందని గుత్తేదారు అంటున్నారు. నా తప్పేమిటి?

జవాబు: మీరు రాసిన వాక్యంలో తప్పు లేదు, దానికి మీరు చెప్పుకున్న అర్థంలో ఉన్నది. పేరు చూసి ‘ఈ నెట్‌వర్క్‌ను పొరుగు రూటర్లకు చాటు’ అని చెప్పే ఆజ్ఞగా దానిని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఇంటర్‌ఫేస్‌లను (రూటర్ పోర్టులను) ఏరే జల్లెడ మాత్రమే. రూటర్ తన ఇంటర్‌ఫేస్‌ల ఐపీ చిరునామాలను ఒక్కొక్కటిగా ఆ పరిధితో పోల్చి చూసి, అందులో పడిన ఇంటర్‌ఫేస్‌లో ఓఎస్‌పీఎఫ్‌ను నడుపుతుంది. ఆ తరువాత ఆ ఇంటర్‌ఫేస్‌కు ఏ సబ్‌నెట్, ఏ మాస్క్ (సబ్‌నెట్ ఎంత పెద్దదో చెప్పే /24 వంటి కొలత) ఉన్నాయో వాటినే ప్రకటిస్తుంది. అందుకే ఎవరైనా ‘10.40.0.0 0.0.255.255’ అని విశాలంగా రాసినా బయటికి వెళ్లేది /16 కాదు, ఇంటర్‌ఫేస్ మీద ఉన్న /24 మాత్రమే. పరిధిలో ఒక్క ఇంటర్‌ఫేస్ కూడా పడకపోతే రూటర్ నోరు మెదపదు, ఆ వాక్యం ఊరికే పడి ఉంటుంది.

మీ దగ్గర జరిగినది ఇదే. మీరు పంపిన ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ జాబితాలో మూడు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. వాటిలో దేనికీ 10.40.7తో మొదలయ్యే చిరునామా లేదు. ఆ చిరునామా ఉన్నది ఫైర్‌వాల్ లోపలి పోర్టు మీద. మీ రూటర్ రూటింగ్ పట్టికలో 10.40.7.0/24 ఎదుట ‘ఎస్’ అక్షరం ఉండి, దారి 10.40.1.2 మీదుగా చూపుతున్నది, అంటే అది మీరే వేసిన స్టాటిక్ రూటు. (స్విచ్ ఫొటో కూడా చూశాను. చీటీలు సగం ఒడియాలో, సగం తెలుగులో ఉన్నా ఏ తీగ ఎక్కడికి పోతున్నదో స్పష్టంగా ఉన్నది. ఆ శ్రద్ధ చాలా చోట్ల కనబడదు.)

స్టాటిక్ రూటును ఓఎస్‌పీఎఫ్‌లోకి ఎక్కించాలంటే ‘రీడిస్ట్రిబ్యూట్ స్టాటిక్ సబ్‌నెట్స్’ అని రాయాలి. చివరి మాటను వదలవద్దు: పాత ఐఓఎస్‌లలో (సిస్కో రూటర్ల సాఫ్ట్‌వేర్) అది లేకపోతే క్లాస్‌ఫుల్ నెట్‌వర్క్‌లు, అంటే ముక్కలు చేయని పూర్తి నెట్‌వర్క్‌లు మాత్రమే వెళతాయి, 10.0.0.0/8లో ఒక ముక్క అయిన మీ /24 ఆగిపోతుంది. అయితే ఆ ఆజ్ఞను ఒంటరిగా వదిలితే, ఎప్పుడో పరీక్ష కోసం వేసి మరచిపోయిన స్టాటిక్ రూట్లు కూడా దానితోపాటు బరంపురం దాకా పోతాయి కనుక, 10.40.7.0/24ను మాత్రమే అనుమతించే ప్రిఫిక్స్ లిస్టు (సబ్‌నెట్‌ల జాబితా) ఒకటి రాసి, దానిని రూట్ మ్యాప్ (ఏ రూటు వెళ్లాలో తేల్చే నియమం) ద్వారా ఆ ఆజ్ఞకు జత చేయండి. అంతా కుదిరితే బరంపురంలో ఆ రూటు ‘ఓ ఈ2’ (ఓఎస్‌పీఎఫ్‌లోకి బయటి నుంచి ఎక్కించిన రూటు) గుర్తుతో, 110/20 అన్న అంకెలతో కనబడుతుంది. 110 ఓఎస్‌పీఎఫ్‌కు సిస్కో ఇచ్చే ప్రాధాన్యం, 20 బయటి రూట్లకు మామూలుగా పడే మెట్రిక్ (దారి ఖర్చును చూపే అంకె).

రూటు కనబడిన తరువాత కూడా పింగ్ అందకపోతే ఓఎస్‌పీఎఫ్‌ను అనుమానించకుండా ఫైర్‌వాల్ నియమాలనూ, బరంపురం వైపు దానికి తిరుగు దారి ఉన్నదో లేదో చూడండి.

ఫైర్‌వాల్‌లోనే ఓఎస్‌పీఎఫ్ నడపడం మరొక మార్గం. ఏరియా, మాస్క్, హలో (పొరుగును పలకరించే సందేశం) కాలం, డెడ్ (హలో రాకపోతే పొరుగు పోయిందని తేల్చే) కాలం రెండువైపులా కలవాలి. ఈథర్నెట్ మీద ఆ రెండు కాలాలూ మామూలుగా 10, 40 సెకన్లు. ఒక్క సబ్‌నెట్ కోసం ఇంత అవసరం లేదని నా అభిప్రాయం. గోదాములు పెరిగితే మాత్రం అదే మేలు. అప్పుడు కెమెరాల వైపు ఇంటర్‌ఫేస్‌ను ‘పాసివ్’ చేయడం మరవకండి. సబ్‌నెట్ ప్రకటన ఆగదు, హలోలు మాత్రం ఆ వైపు వెళ్లవు, కనుక ఎవరో తెచ్చి తగిలించిన రూటర్ పిలవని పేరంటంలా వచ్చి పొరుగుగా చేరిపోదు.

గుత్తేదారు చెప్పిన మార్గంలో పని జరగవచ్చు గాని, ఆ స్టాటిక్ రూటును రాయగడలోనూ వేయాలి, రేపు లైను మారితే ప్రతిచోటా చేత్తో మార్చాలి. డైనమిక్ రూటింగ్ పెట్టుకున్నదే ఆ చాకిరీ తప్పించుకోవడానికి కదా. ఇక మీరు రాసిన ఆ నెట్‌వర్క్ వాక్యాన్ని తీసివేయండి. మీ తరువాత వచ్చేవారు దానిని చూసి ప్రకటన అక్కడి నుంచే జరుగుతున్నదని పొరబడతారు.

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఓఎస్‌పీఎఫ్ నడిచే రూటర్‌లో లూప్‌బ్యాక్‌కు (తీగ లేకుండా రూటర్ లోపలే ఉండే ఇంటర్‌ఫేస్) /24 మాస్క్ ఇచ్చాను. పొరుగు రూటర్‌లో /32గా, అంటే ఒక్క చిరునామాగా కనబడుతున్నది. ఇది లోపమా?

జవాబు: కాదు. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328 (ఓఎస్‌పీఎఫ్ ప్రమాణ పత్రం) ప్రకారం ఓఎస్‌పీఎఫ్ లూప్‌బ్యాక్‌ను ఒంటరి హోస్టుగానే ప్రకటిస్తుంది. /24గానే వెళ్లాలంటే ఆ ఇంటర్‌ఫేస్ కింద ‘ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్’ అని రాయండి. రూటర్ ఐడీ (ఓఎస్‌పీఎఫ్‌లో రూటర్ గుర్తింపు సంఖ్య) కోసమే పెట్టుకున్న లూప్‌బ్యాక్ అయితే /32గా వదిలేయడమే మంచిది.