అయహువాస్కా కషాయంలో రెండు మొక్కలు ఎందుకు కలుపుతారు?

ఏ ఒక్కదానితోనూ పూర్తి పని జరగదు కాబట్టి. అమెజాన్ అడవుల్లోని వైద్యులు అయహువాస్కా తీగను, చక్రూనా అనే పొద ఆకుల్ని కలిపి గంటల తరబడి మరిగిస్తారు. కళ్లముందు దృశ్యాలు కదిలేలా చేసే డీఎంటీ అనే రసాయనం ఉండేది ఆకుల్లో. కానీ దాన్ని విడిగా మింగితే పేగుల్లో, కాలేయంలో ఉండే ఎంఏఓ అనే ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది, మెదడుదాకా చేరనివ్వదు. తీగలోని హార్మిన్, హార్మలిన్ అనే రసాయనాలు ఆ ఎంజైమ్‌ను కొన్ని గంటలపాటు అడ్డుకుంటాయి. ఎంజైమ్‌లంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, అన్ని వేల మొక్కల మధ్య ఈ జంటను పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే అక్కడివాళ్ల దృష్టిలో కషాయం ఒక్కటే మందు కాదు. పెరూలోని షిపిబో తెగ వైద్యులు రాత్రి చీకట్లో ఇకారోలు అనే పాటలు పాడుతూ చికిత్స చేస్తారు. ముందు నుంచే పథ్యం ఉంటుంది. వాంతి అయితే లోపలి చెడు బయటికి పోయిందనుకుంటారు. 2008లో పెరూ ప్రభుత్వం ఈ సంప్రదాయాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. డిప్రెషన్‌కు ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు వాడేవాళ్లు ఇది తాగితే ఒంట్లో సెరోటోనిన్ అనే రసాయనం హద్దు మీరి ప్రాణం మీదికి రావచ్చు. గుండె జబ్బు, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకూ ఇది ప్రమాదమే.