ఒకే సూపర్‌మార్కెట్ చెయిన్ ఒక ఊళ్లో బాగుండి, ఇంకో ఊళ్లో ఎందుకు బాగోదు?

బోర్డు ఒకటే అయినా వెనకాల వ్యవహారం ఒకటి కాదు. ముందు చూడాల్సింది అమ్మకాల వేగం. రద్దీగా ఉండే స్టోర్‌లో పొద్దున దిగిన ఆకుకూర సాయంత్రానికి అయిపోతుంది. బేరం మందంగా ఉన్నచోట అదే కట్ట మూడో రోజుకీ అరలోనే ఉంటుంది. పైన నీళ్లు చల్లినా కింద కాడలు మెత్తబడి ఉంటాయి. సరుకు పాడైపోతుంటే మేనేజర్ ఆర్డర్ తగ్గిస్తాడు, రకాలు తగ్గుతాయి, వచ్చేవాళ్లు ఇంకా తగ్గుతారు. ఈ సుడిలో పడ్డ స్టోర్ తేరుకోవడం కష్టం.

తర్వాతది గోడౌన్ దూరం. ప్రాంతీయ చెయిన్లకు సాధారణంగా గోడౌన్లు తక్కువే కాబట్టి దూరపు ఊరికి లారీ రోజూ వెళ్లకపోవచ్చు. కొన్నిచోట్ల స్టోర్ ఫ్రాంచైజీది, లేదా వేరే చెయిన్ నుంచి కొన్నది, ఫ్రిజ్‌లూ పాతవే. పోటీ లేని ఊళ్లో వాటిని మార్చాలన్న తొందర యాజమాన్యానికి ఉండదు.

నన్నడిగితే పెద్ద తేడా మేనేజర్ దగ్గరే వస్తుంది. పాత తేదీ పాల ప్యాకెట్లు ముందుకు, కొత్తవి వెనక్కి సర్దించే మనిషి ఉన్నాడో లేదో ఆ అర చూస్తేనే తెలిసిపోతుంది.